తెల్ల గ్లేజ్ ఎలా కలపాలి: టిన్నా, జిర్కానా, టైటానియమా?

"అక్కా, నా ప్లేట్లు తెల్లగా రావట్లేదు. టిన్ ఎంత వెయ్యమంటారు?"

కొత్తగా ఎలక్ట్రిక్ కిల్న్ (మట్టి సామాను కాల్చే కరెంటు బట్టీ) కొన్నవాళ్లు ఫోన్ చేస్తే మాట ఎక్కువగా ఇక్కడే మొదలవుతుంది. "టిన్ సంగతి తర్వాత చూద్దాం. అది వెయ్యకముందు నీ గ్లేజ్ ఎలా ఉంది?" అంటాను. అవతల కాసేపు మాట ఉండదు. గ్లేజ్ అంటే మట్టి సామాను మీద పూసి కాలిస్తే గాజయ్యే పూత. ఎక్కడో దొరికిన రెసిపీలో పది రకాల పొడులుంటాయి, అన్నీ ఒకేసారి కలిపేసి ఉంటారు. ఏ పొడి ఏం చేస్తోందో తెలియకుండా టిన్ పెంచినా తగ్గించినా చీకట్లో రాయి వేసినట్టే.

నా పద్ధతి ఒకటే. ముందు రంగూ తెలుపూ లేని పారదర్శకమైన గ్లేజ్ ఒకటి చేతికి రావాలి. అది మీ మట్టి మీద పగుళ్లు లేకుండా, కారకుండా, ప్రతిసారీ ఒకేలా కాలాలి. దాన్ని తెల్లబరిచే పొడిని, అంటే ఒపాసిఫయర్‌ని (టిన్, జిర్కాన్, టైటానియం అలాంటివే), ఆ తర్వాత వెతుక్కోవాలి. బకెట్లో ఒపాసిఫయర్ వాటా పదో వంతు. మిగతా తొమ్మిది వంతులు సరిగ్గా లేకపోతే ఎంత ఖరీదైన టిన్ పోసినా లాభం లేదు.

నేను విశాఖలో మేడ మీద షెడ్డులో పనిచేస్తాను. ప్లేట్లు, కప్పులు, పెరుగు గిన్నెలు, మామిడికాయల కాలం వచ్చేముందు ఊరగాయ జాడీలు చేస్తాను. కిల్న్ త్రీ ఫేజ్. కోన్ 6కి కాలుస్తాను. కోన్ అంటే తగినంత వేడి తగలగానే వంగే చిన్న మొనదేలిన దిమ్మె; ఎంత కాలిందో అదే చెప్తుంది. చివర్లో గంటకు 60 డిగ్రీల చొప్పున వేడెక్కిస్తే ఆ కోన్ సుమారు 1222 డిగ్రీల దగ్గర వంగుతుంది. ఇక్కడ రాసేదంతా ఆ వేడికి సంబంధించిందే. 1050 దగ్గర టెర్రకోట కాల్చేవాళ్లకు కింది రెసిపీ పనికిరాదు కానీ, ఒపాసిఫయర్ల గురించి చెప్పింది చాలావరకు వాళ్లకూ వర్తిస్తుంది.

ఎలక్ట్రిక్ కిల్న్‌లో మంట ఉండదు, పొగ ఉండదు. లోపల గాలి ఆడుతుంది కాబట్టి జరిగేది ఆక్సీకరణే. కట్టెల బట్టీలో అనుకోకుండా వచ్చే అందాలు ఇక్కడ రావు. బకెట్లో ఏం వేశామో ప్లేటు మీద అదే కనిపిస్తుంది. తెల్ల గ్లేజ్ నేర్చుకునేవాళ్లకు ఇది మంచిదే.

ముందు బేస్

బేస్ అంటే ఒపాసిఫయర్ కలపని ఆ పారదర్శక గ్లేజే. స్టూడియో కుండలు చేసేవాళ్లలో బాగా వాడుకలో ఉన్న కోన్ 6 రెసిపీ ఒకటుంది. అయిదు పొడులు, ఒక్కోటీ ఇరవై పాళ్లు. కాగితం చూడక్కర్లేకుండా గుర్తుంటుంది.

పొటాష్ ఫెల్డ్‌స్పార్ 20
వొలాస్టొనైట్ 20
ఫ్రిట్ 3134 – 20
చైనా క్లే 20
క్వార్ట్జ్ పొడి 20

క్వార్ట్జ్ అంటే మన పలుగురాయే. గాజయ్యేది అది, కానీ ఒంటరిగా 1700 డిగ్రీలు దాటితే గానీ కరగదు. ఫెల్డ్‌స్పార్, వొలాస్టొనైట్ దాన్ని లొంగదీస్తాయి. చైనా క్లే అల్యూమినా ఇస్తుంది. కరిగిన గాజు ప్లేటు మీద నుంచి జారి షెల్ఫ్‌కి అంటుకోకుండా పట్టి ఉంచేది అల్యూమినాయే. బకెట్లో మిగతా పొడులు అడుక్కి దిగకుండా చూసేది కూడా ఈ మట్టే. ఫ్రిట్ అంటే ముందే కరిగించి, నీళ్లలో పోసి పగలగొట్టి, మెత్తగా నూరిన గాజు. 3134లో బోరాన్ ఆక్సైడ్ సుమారు 23 శాతం ఉంటుంది. ఈ గ్లేజ్ 1220 దగ్గరే కరగడానికి ముఖ్య కారణం ఆ బోరాన్.

ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ గనులు మనకు పాలమూరు వైపే ఉన్నాయి. వొలాస్టొనైట్ రాజస్థాన్ నుంచి వస్తుంది. 3134 పేరుతోనే దొరక్కపోతే దేశంలో ఫ్రిట్ తయారుచేసేవాళ్లను అలాంటిది అడగండి. ఆక్సైడ్ల లెక్కన బోరాన్ 23 శాతం, కాల్షియం 20, సోడియం 10, మిగతాది సిలికా, అంటే క్వార్ట్జ్‌లో ఉండేదే. అల్యూమినా ఉండకూడదు, సీసం అసలే ఉండకూడదు. నోటిమాట నమ్మొద్దు, అనాలిసిస్ కాగితం చేతికి తీసుకోండి. తక్కువ వేడికి బాగా కరిగి తళతళలాడే ఫ్రిట్ చవగ్గా వస్తోందంటే సీసం ఉందేమోనని నాకు మొదటే అనుమానం.

వొలాస్టొనైట్ దొరకకపోతే సుద్ద, అంటే వైటింగ్, వాడొచ్చు. అయితే లెక్క మారుతుంది. 200 గ్రాముల వొలాస్టొనైట్‌కి బదులు 172 గ్రాముల వైటింగ్, 103 గ్రాముల క్వార్ట్జ్ పడతాయి. బరువు 75 గ్రాములు పెరిగిందేమిటని కంగారు పడొద్దు. అది కిల్న్‌లో కార్బన్ డయాక్సైడ్‌గా పోయే బరువు. ఆ వాయువు గ్లేజ్ లోంచే బయటికి రావాలి, అందుకే వైటింగ్ రకంలో సన్న బెజ్జాలు కాస్త ఎక్కువ. రెండూ దొరికితే నా ఓటు వొలాస్టొనైట్‌కే.

ఫెల్డ్‌స్పార్ కొత్త బస్తా తెస్తే, పాతది అయిపోకముందే రెండింటినీ పక్కపక్కన కాల్చి చూడండి. నీళ్లతో గోలీకాయంత ఉండ చేసి, బిస్క్ (గ్లేజ్ పూయకుండా ఒకసారి కాల్చిన మట్టి) పెంకు మీద పెట్టి, మామూలు కాల్పులోనే పెడితే చాలు. సోడా రకం ఎక్కువ కరిగి మెరుస్తుంది, పొటాష్ రకం మొండికేస్తుంది. పొటాష్ అని రాసి సోడా అమ్మే కొట్లు ఉన్నాయి. బస్తా మీద అక్షరాల కంటే ఆ ఉండలే నయం.

తూచడం, కలపడం

సంచి విప్పకముందు మాస్కు పెట్టుకోండి. కనీసం ఎన్-95. ఈ ధూళి ఊపిరితిత్తుల్లోకి చేరితే ఇక బయటికి రాదు. రాతి క్వారీల్లో పనిచేసేవాళ్లను తినేసే సిలికోసిస్ దీనివల్ల వచ్చేదే. ఫ్యాను ఆపేయండి. పని అయ్యాక చీపురు పట్టకుండా తడిగుడ్డతో తుడవండి. వంటింటి మిక్సీ జారో గరిటో ఒకసారి గ్లేజ్‌లోకి వచ్చిందంటే మళ్లీ వంటకు వెళ్లకూడదు.

కిలో బ్యాచ్‌కి ఒక్కో పొడి 200 గ్రాములు. తూచిన ప్రతిదానికీ కాగితం మీద టిక్కు పెట్టుకోండి. అన్నీ తెల్ల పొడులే. మధ్యలో ఫోన్ వస్తే ఫ్రిట్ వేశామో లేదో చూసి చెప్పడం ఎవరివల్లా కాదు.

బకెట్లో ముందు నీళ్లు పోసి, తర్వాత పొడి వెయ్యాలి. కిలోకి 900 మిల్లీలీటర్లతో మొదలుపెట్టండి. పొడిని పైన చల్లి, దానంతటది మునిగేదాకా కదపకండి. వెంటనే కర్ర పెట్టి తిప్పితే లోపల పొడి మిగిలిన ఉండలు కడతాయి. రాత్రంతా నానితే మంచిది, తొందరైతే గంట. తర్వాత 80 మెష్ (అంగుళానికి 80 కన్నాలున్న) జల్లెడలో రెండుసార్లు పట్టండి. ఒపాసిఫయర్ వేసిన గ్లేజ్‌నైతే 100 మెష్‌లో ఇంకోసారి. జల్లెడలో మిగిలినదాన్ని పారబోయకండి. రబ్బరు గరిటెతో రుద్ది దించండి, లేకపోతే రెసిపీ మారిపోతుంది.

నీళ్ల గురించి ఒక మాట. మా బోరు నీళ్లతో టీ పెట్టినా రుచి తేడా తెలుస్తుంది. అలాంటి గట్టి నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు గ్లేజ్‌లోని మట్టిని ముద్దకట్టిస్తాయి. చూడ్డానికి చిక్కగా ఉంటుంది, మనం ఇంకాసిని నీళ్లు పోస్తాం, పూత పల్చనైపోతుంది. అందుకే గ్లేజ్‌కి ఆర్‌ఓ నీళ్లే పోస్తాను.

చిక్కదనాన్ని వేలు ముంచి చూసి చెప్పేవాళ్లున్నారు. నేను తూచి చూస్తాను. కొలపాత్రలో సరిగ్గా 100 మిల్లీలీటర్ల గ్లేజ్ తీసి తూచితే, పాత్ర బరువు పోను, 144 నుంచి 148 గ్రాముల మధ్య ఉండాలి. పైన చెప్పిన 900 మిల్లీలీటర్లకు దాదాపు 148 వస్తుంది. లీటరు పోస్తే 144. ఆ అంకె బకెట్ మీద రాసి పెట్టుకోండి. ఒపాసిఫయర్ విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే తెలుపు ఎంత పొడి వేశామన్నదాని మీద ఎంత ఆధారపడుతుందో పూత మందం మీదా అంతే ఆధారపడుతుంది. పల్చటి పూతలో 12 శాతం జిర్కాన్ ఉన్నా కింద మట్టి కనిపిస్తుంది.

అంకె సరిగ్గా ఉన్నా పొడి అడుక్కి దిగి గట్టిపడుతుంటే ఎప్సమ్ సాల్ట్ వాడండి. కిలో పొడికి రెండు గ్రాముల లెక్కన వేడినీళ్లలో కరిగించి, కొద్దికొద్దిగా పోస్తూ తిప్పండి. గ్లేజ్ పలచటి పెరుగులా కదలడం మొదలవగానే ఆపేయాలి, అంతా పొయ్యనక్కర్లేదు.

1000 డిగ్రీల దగ్గర కాల్చిన బిస్క్‌ని తడి స్పాంజితో తుడిచి, మూడు సెకన్లు ముంచి తీయండి. ఆరాక కనిపించని చోట సూదితో గీరి మందం చూడండి. రెండు విజిటింగ్ కార్డులంత ఉంటే సరి.

ఈ పారదర్శక గ్లేజ్‌ని మీ మట్టి మీద ఒకసారి కాల్చి, ఆ ముక్కను మరిగే నీళ్లలో రెండు నిమిషాలుంచి, వెంటనే ఐసు నీళ్లలో వెయ్యండి. ఇలా నాలుగైదు మార్లు. తర్వాత ఇంకు రుద్ది తుడిస్తే పగుళ్లుంటే గీతల్లా తేలతాయి. తేలితే ముందు దాని సంగతి చూడాలి, తెలుపు తర్వాత. క్వార్ట్జ్ కాస్త పెంచడం మొదటి మందు.

తెలుపు ఎలా పుడుతుంది

పాలు తెల్లగా కనిపించేది నీళ్లలో తేలే సన్నటి కొవ్వు బిందువులు వెలుతురును చెదరగొట్టడం వల్ల. గ్లేజ్‌లోనూ అంతే. గాజులో కరగకుండా మిగిలిన, లేదా చల్లారేటప్పుడు మళ్లీ పుట్టిన, సన్నటి రేణువులు వెలుతురును చెదరగొడతాయి. గాజుకూ రేణువుకూ వక్రీభవన గుణకంలో తేడా ఎంత ఉంటే అంత తెలుపు. గాజుది సుమారు 1.5, జిర్కాన్‌ది 1.95 దగ్గర, టిన్ ఆక్సైడ్‌ది 2, టైటానియంది 2.5 పైమాటే. అంకెలు చూస్తే టైటానియమే గెలవాలి. బకెట్లో లెక్క అలా తేలదు.

*జిర్కాన్.* జిర్కోనియం సిలికేట్. భీమిలి తీరంలో అల వెనక్కి పోయాక ఇసుక మీద నల్లటి, ఎర్రటి చారలు మిగులుతాయి చూశారా, అందులో ఎక్కువ భాగం ఇల్మనైట్, గార్నెట్. వాటి మధ్య కాస్త జిర్కాన్, రూటైల్ కూడా ఉంటాయి. అంటే మన గ్లేజ్‌కి కావలసిన రెండు ఖనిజాలు మా ఊరి ఒడ్డునే ఉన్నాయి. సంచీ పట్టుకుని బయల్దేరకండి. ఆ ఇసుకలో థోరియం ఉన్న మోనజైట్ కూడా కలిసి ఉంటుంది, దాని తవ్వకం ప్రభుత్వ నియంత్రణలో ఉంది. పైగా ఇంట్లో నూరితే అది ఎప్పటికీ కావలసినంత మెత్తబడదు.

మెత్తదనమే ఇక్కడ అసలు విషయం. బజార్లో జిర్కాన్ పొడి రెండు రకాలుగా దొరుకుతుంది. ఒకటి ఫౌండ్రీల్లో అచ్చులకు పూసే జిర్కాన్ ఫ్లోర్, అంటే జిర్కాన్ పిండి. చవక, చూడ్డానికి మెత్తగానే ఉంటుంది, గ్లేజ్‌లో వేస్తే మసక తప్ప తెలుపు రాదు. రెండోది ఒపాసిఫయర్ గ్రేడ్, కొద్ది మైక్రాన్ల సైజుకు నూరింది. గుజరాత్‌లోని మోర్బీ టైల్స్ ఫ్యాక్టరీలు బస్తాలకు బస్తాలు వాడేది ఇదే. కొట్లో "జిర్కాన్ ఇవ్వండి" అంటే మొదటిది చేతిలో పెట్టొచ్చు. "గ్లేజ్‌కి వాడే ఒపాసిఫయర్ గ్రేడ్" అని అడిగి, రేణువుల సైజు ఎంతో చెప్పమనండి. తెలియదంటే ఇంకో కొట్టు చూసుకోండి.

పై బేస్‌కి 10 శాతం వేస్తే తెల్లబడుతుంది, 12కి పూర్తిగా కప్పేస్తుంది. పది శాతం అంటే బేస్ నూరు కాక పైన పది: కిలో బేస్‌కి 100 గ్రాములు. జిర్కాన్ గొప్పతనం దాని మంచి ప్రవర్తన. రంగులతో గొడవ పడదు, ప్రతిసారీ ఒకేలా కాలుతుంది, గ్లేజ్ వ్యాకోచాన్ని కాస్త తగ్గించి పగుళ్లు రాకుండా సాయపడుతుంది, ధర టిన్‌లో చిన్న భాగం. లోపం ఏమిటంటే ఆ తెలుపులో ప్రాణం తక్కువ. బాత్రూమ్ సింకుల తెలుపు దీనిదే కదా, చాలామంది చేసే ప్లేట్లకూ ఆ ఛాయ అంటుకుంటుంది. 15 శాతం దాటితే కరిగిన గ్లేజ్ మొద్దుబారుతుంది, బుడగలు పైకి రాలేక లోపలే చిక్కుకుంటాయి, స్టీలు చెంచా గీతలు పడతాయి.

*టిన్ ఆక్సైడ్.* ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే తగరం లోహం వేరు. మనకు కావలసింది దాని ఆక్సైడ్, బరువైన తెల్లటి పొడి. తొమ్మిదో శతాబ్దంలో ఇరాక్‌లోని బస్రా కుమ్మరులు చైనా నుంచి వచ్చే తెల్ల పింగాణీని చూసి, తమ దగ్గర ఆ మట్టి లేక, పసుపుపచ్చ మట్టి మీద టిన్ కలిపిన తెల్ల గ్లేజ్ పూశారు. ఆ విద్యే స్పెయిన్‌కి, ఇటలీకి, హాలెండ్‌లోని డెల్ఫ్ట్‌కి పాకింది. కింది మట్టి రంగును దాచడానికి పుట్టిన తెలుపు అది. ఈ రోజుకీ ఎర్రమట్టి మీద దానికి సాటి లేదు.

5 నుంచి 7 శాతం చాలు. అంటే జిర్కాన్‌లో సుమారు సగం. తెలుపు మెత్తగా, లోతుగా ఉంటుంది. అంచుల దగ్గర పూత పల్చబడ్డ చోట కింద ఎర్రమట్టి తేనె రంగులో మెల్లగా తొంగిచూస్తుంది. అలా కనిపించడం కోసమే ఖరీదు భరిస్తాను.

టిన్‌కి ఒక జబ్బుంది, క్రోమియం పక్కన పడదు. కిల్న్‌లో పచ్చటి క్రోమ్ గ్లేజ్ కప్పు పక్కన టిన్ తెలుపు ప్లేటు పెట్టారనుకోండి, క్రోమ్ కొద్దికొద్దిగా ఆవిరై ప్లేటు మీద వాలి, అటువైపు లేత గులాబీ మచ్చ వేస్తుంది. మన బేస్‌లో కాల్షియం బాగా ఉంది కాబట్టి అది మరీ తేలిగ్గా జరుగుతుంది. కొందరు కావాలనే చేస్తారు. మిగతావాళ్లు క్రోమ్ పచ్చల్ని వేరే కాల్పులో పెట్టుకోవాలి, లేదా ఆ కాల్పుకి జిర్కాన్ తెలుపు వాడుకోవాలి. జిర్కాన్‌కి ఈ బెడద లేదు.

*టైటానియం డయాక్సైడ్.* తెల్ల పెయింట్లో ఉండేది. గ్లేజ్‌లో చాలావరకు కరిగిపోయి, చల్లారేటప్పుడు స్ఫటికాలుగా మళ్లీ పుడుతుంది. అందువల్ల ఫలితం మీ కిల్న్ ఎంత నెమ్మదిగా చల్లారుతుందన్నదాన్ని బట్టి మారుతుంది. మట్టిలో ఇనుము పిసరంత తగిలినా తెలుపు మీగడ రంగులోకో పసుపులోకో తిరుగుతుంది. 2, 3 శాతం వేస్తే మబ్బు మబ్బుగా, చారలు చారలుగా బాగుంటుంది. 6 దాటితే మెరుపు పోతుంది. పూలకుండీకి సరే. ఆరు ప్లేట్ల సెట్ ఒకేలా కావాలన్నవాళ్లకు దీంతో ఒట్టి టెన్షన్.

నా వాడకం చెప్తాను. తెల్ల స్టోన్‌వేర్ (ఎక్కువ వేడికి కాలి రాయిలా గట్టిపడే) మట్టి మీద రోజూ వాడే ప్లేట్లకు జిర్కాన్ 10. ఎర్రమట్టి గిన్నెలకు టిన్ 6. ఎర్రమట్టే కానీ ఆర్డర్ పెద్దదై డబ్బు లెక్క చూసుకోవాలంటే టిన్ 3, జిర్కాన్ 6 కలిపి. ఈ మిశ్రమానికి టిన్ మెత్తదనం చాలావరకు వస్తుంది. మసకగా ఉన్న మ్యాట్‌ని (మెరుపు లేని గ్లేజ్‌ని) చూసి తెలుపనీ, సరిగ్గా కరగని పారదర్శక గ్లేజ్ పాలలా ఉంటే అదీ తెలుపనీ పొరబడేవాళ్లున్నారు. రెండోది మరీ ప్రమాదం, ఆ ప్లేటులో పచ్చడి వేస్తే రంగు దిగుతుంది.

టెస్టు ముక్కలు

ఒక్కో శాతానికి ఒక్కో బ్యాచ్ తూచనక్కర్లేదు. 300 గ్రాముల బేస్ రెండు గిన్నెల్లో కలపండి. రెండోదాంట్లో 12 శాతం జిర్కాన్, అంటే 36 గ్రాములు వెయ్యండి. జల్లెడ పట్టాక రెండింటినీ నీళ్లతో సరిగ్గా 420 మిల్లీలీటర్లకు తీసుకురండి. పరిమాణం సమానం కాబట్టి, రెండింట్లో ఏది ఎంత తీసినా అందులో బేస్ ఒకే మోతాదులో ఉంటుంది. మందులషాపులో దొరికే పెద్ద సిరంజితో ఒక కప్పులోకి మొదటిది 60 మిల్లీలీటర్లు. తర్వాత మొదటిది 40, రెండోది 20. తర్వాత 20, 40. చివరికి రెండోది 60. సున్నా, 4, 8, 12 శాతాలు వచ్చేశాయి. టిన్‌కి 36 బదులు 27 గ్రాములు వేస్తే 3, 6, 9 వస్తాయి. టైటానియంకి 18 గ్రాములైతే 2, 4, 6.

ప్రతిసారీ సిరంజిలోకి తీసే ముందు గిన్నె అడుగుదాకా కలపండి. బేస్ పొడుల సాంద్రత 2.6 దగ్గర ఉంటే జిర్కాన్‌ది 4.6, టిన్‌ది దాదాపు 7. రెండు నిమిషాలు వదిలేస్తే బరువైనవి కింద కూర్చుంటాయి, పైనుంచి తీసిన మొదటి ముక్క ఒక రకంగా, చివరిది ఒక రకంగా వస్తుంది. బకెట్లో ప్లేట్లు ముంచేటప్పుడూ ఇదే నియమం.

ముక్కల్ని పడుకోబెట్టి కాల్చకండి. వేలెడు వెడల్పు మట్టి పట్టీని ఎల్ ఆకారంలో వంచి నిలబెట్టండి, గ్లేజ్ కారుతుందో లేదో తెలుస్తుంది. బిస్క్ మీద అడ్డంగా ఒక నల్లటి అండర్‌గ్లేజ్ (గ్లేజ్ కింద వేసే రంగు) గీత గీసి, దానిమీద గ్లేజ్ ముంచండి. పైసగాన్ని రెండోసారి ముంచితే ఒకే ముక్క మీద రెండు మందాలు. కాలాక చూడండి: 4 శాతంలో గీత బూడిదరంగు పొరలోంచి స్పష్టంగా ఉంటుంది, 8లో ఒక ముంపు దగ్గర నీడలా మిగిలి రెండో ముంపు దగ్గర మాయమవుతుంది, 12లో ఎక్కడా ఉండదు. గీత మాయమైన అతి తక్కువ శాతమే మీకు కావలసింది. ముక్క వెనక శాతాన్ని ఐరన్ ఆక్సైడ్‌తో రాయండి, పెన్సిల్ కాలిపోతుంది.

కాల్పు

కంట్రోలర్ చూపే అంకెను నమ్మి కూర్చోకుండా, షెల్ఫ్ మీద 5, 6, 7 కోన్లు పెట్టండి. అయిదు పడిపోయి, ఆరు వంగి, ఏడు నిలబడి ఉంటే సరి. కంట్రోలర్‌కి వేడిని కొలిచి చెప్పే థర్మోకపుల్ వయసు పెరిగేకొద్దీ తప్పు చెప్తుంది. దానికి తోడు మన ఓల్టేజీ. మే నెల రాత్రి అందరి ఏసీలూ ఆన్ అయ్యాక 230 కాస్తా 207కి పడితే, తగ్గింది పది శాతమే అనిపిస్తుంది. కానీ ఎలిమెంట్ల శక్తి ఓల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 19 శాతం పడిపోయినట్టు. చివరి వంద డిగ్రీలు ఎక్కడానికి ఎక్కువసేపు పడితే అదే అంకె దగ్గర గ్లేజ్ ఎక్కువ కరిగిపోతుంది. వేసవిలో తెల్లవారుజామున చివరి దశ వచ్చేలా మొదలుపెడతాను.

1100 దాకా గంటకు 150, అక్కడినుంచి 60. తెల్ల గ్లేజ్‌లకు పైన కాసేపు ఆపడం కంటే కిందికి దించి ఆపడం మేలు. 1205 దగ్గర పది నిమిషాలు ఉంచి, 1150కి దింపి అరగంట పట్టి ఉంచండి, ఆ తర్వాత వదిలేయండి. పైన ఉన్నప్పుడు పుట్టిన బుడగలు పగిలి, కింద ఆగినప్పుడు ఆ గుంతలు పూడతాయి. మీ కిల్న్‌లో ఈ పద్ధతికి ఆరో కోన్ వంగకపోతే పై అంకెను అయిదేసి డిగ్రీలు పెంచుకుంటూ పోండి.

గ్లేజ్ ముడుచుకుపోయి మధ్యలో మట్టి బయటపడితే మూడు కారణాలు చూడండి: బిస్క్ మీద దుమ్ము లేదా వేలి నూనె, పూత మరీ మందం, చైనా క్లే ఎక్కువై ఆరేటప్పుడే పగలడం. జిర్కాన్ గ్లేజ్ మొండిది కాబట్టి, పారదర్శక గ్లేజ్ సర్దుకుపోయే పగులు కూడా ఇది సర్దుకోదు. చైనా క్లేలో సగాన్ని బిస్క్ గిన్నెలో పోసి కాల్చి వాడితే ఆరినప్పటి పగుళ్లు తగ్గుతాయి. కాల్చిన మట్టి 12 నుంచి 14 శాతం దాకా బరువు తగ్గుతుంది, తూచేటప్పుడు ఆ లెక్క చూసుకోండి.

ఊరగాయ జాడీకి

జిర్కాన్, టిన్ రెండూ ఆమ్లాల్లో దాదాపు కరగవు. అందుచేత తెల్ల గ్లేజ్‌లో భయం ఒపాసిఫయర్‌తో కాదు, సరిగ్గా కరగని బేస్‌తో, అందులో వేసిన రంగు లోహాలతో. ఏడాదంతా ఉప్పు, పులుపు, నూనె నిలవుండే జాడీ లోపల రాగి రంగులు, మ్యాట్ గ్లేజ్‌లు పూయొద్దు. బయట మీ ఇష్టం. లోపల సన్న పగుళ్లున్నా ఆవకాయ నూనె వాటిలోకి దిగి, ఎంత కడిగినా ఆ వాసన వదలదు. ఐసు నీళ్ల పరీక్ష జాడీ మట్టి ముక్క మీద మళ్లీ చేయండి.

ఇంట్లో రెండు పరీక్షలు చేసుకోవచ్చు. స్టీలు చెంచా అంచుతో గట్టిగా గీయండి. బూడిదరంగు గీత పడి, సబ్బుతో పోకపోతే జిర్కాన్ రెండు శాతం తగ్గించి చూడండి. తర్వాత ముక్కను సగం మునిగేలా వెనిగర్‌లో 24 గంటలు ఉంచి, తీసి ఆరబెట్టి, వెలుతురులో పక్కకు వంచి చూడండి. మునిగిన సగం మెరుపు తగ్గినా, రంగు మారినా ఆ గ్లేజ్ తిండి సామానుకి పనికిరాదు. ల్యాబుల్లోనూ 4 శాతం ఎసిటిక్ ఆమ్లంలో 24 గంటలే ఉంచి, ఆ నీళ్లలోకి ఏం దిగిందో కొలుస్తారు. కంటికి తేడా కనిపించనంత మాత్రాన పాసైనట్టు కాదు. జాడీలు అమ్మకానికి పెట్టేవాళ్లు ఒక ముక్క ల్యాబుకి పంపాల్సిందే. మామూలుగా సీసం, కాడ్మియం రెండే చూసి రిపోర్టు ఇస్తారు. గ్లేజ్‌లో కోబాల్టో మాంగనీసో వేసి ఉంటే దాని అంకె కూడా కావాలని ఫారంలో ముందే రాయండి.